విత్తన గోదాములో లాటు జాడ: గోదావరి డెల్టా అవసరాలకు స్ప్రెడ్‌షీట్ అన్వేషణ సూత్రాల వినియోగం

సారాంశం

విత్తన గోదాములో ఏ లాటు ఏ దొంతరలో ఉన్నదో తెలుసుకోవడానికి స్ప్రెడ్‌షీట్‌లోని అన్వేషణ సూత్రాలు ఎంతో ఉపకరిస్తాయి. అయితే ఆ సూత్రాన్ని అరకొరగా వ్రాసినప్పుడు అది తప్పును తప్పుగా చూపదు. సరియైన జవాబు వలె కనిపించే వేరొక జవాబును ఇస్తుంది. వరి విత్తనం విషయంలో ఇది రకాల తారుమారుకు దారితీస్తుంది. సార్వాకు, దాళ్వాకు వేర్వేరు కాలపరిమితుల రకాలు సాగయ్యే గోదావరి డెల్టాలో ఆ తారుమారు రైతు కంటబడేది పైరు పొట్టదశకు వచ్చిన తరువాతనే. ఈ వ్యాసంలో ఒక చిన్న నమూనా పట్టిక ఆధారంగా వీలుకప్, ఇండెక్స్–మ్యాచ్, ఎక్స్‌లుకప్, ఫిల్టర్ సూత్రాల పనితీరు, వాటిలో సంభవించే పొరపాట్లు, వాటి నివారణ వివరించబడ్డాయి.

కీలక పదాలు: విత్తన నిల్వ, లాటు సంఖ్య, దొంతర చిరునామా, స్ప్రెడ్‌షీట్, వీలుకప్, గోదావరి డెల్టా

ఉపోద్ఘాతం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి గోదావరి డెల్టా ప్రధానంగా వరి భూమి. పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలంలోని మారుటేరులో 1925లో నెలకొన్న వరి పరిశోధన స్థానం ఈ ప్రాంతానికే గాక దేశంలోని అనేక రాష్ట్రాలకు వరి రకాలను అందించింది. 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029), ఆ తరువాత వచ్చిన విజేత (ఎం.టి.యు. 1001), కాటన్‌దొర సన్నాలు (ఎం.టి.యు. 1010), ఇంద్ర (ఎం.టి.యు. 1061), అమర (ఎం.టి.యు. 1064), శ్రీధృతి (ఎం.టి.యు. 1121) వంటివి ఆ పరంపరలోనివే. రకాల సంఖ్య పెరిగినకొద్దీ రైతుకు ఎంపిక పెరిగింది. గోదాము బాధ్యునికి జాగ్రత్త కూడా పెరిగింది.

పూర్వం రైతు ఇంట విత్తనం గాదెలోనో, పురిలోనో ఉండేది. ఇంటికి ఒకటి రెండు రకాలు, వాటికి ఒకటి రెండు చోట్లు. ఏది ఎక్కడ ఉన్నదో ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చేది. నేటి విత్తన గోదాములో ఒకే కప్పు కింద పలు రకాలు, ఒక్కొక్క రకంలో పునాది విత్తనం, ధ్రువీకృత విత్తనం అనే తరగతులు, ఒక్కొక్క తరగతిలో వేర్వేరు తేదీలలో పరీక్షింపబడిన లాట్లు ఉంటాయి. గోనె సంచిని చూచి గాని, గింజను చూచి గాని రకాన్ని నిర్ధారించడం అనుభవజ్ఞులకు సైతం అన్ని వేళలా సాధ్యం కాదు. అక్కడ రకానికి ఆధారం రెండే: సంచికి కుట్టిన ట్యాగు, ఆ లాటు ఎక్కడ పేర్చబడినదో తెలిపే నమోదు.

ఈ నమోదు చాలాచోట్ల రిజిస్టరు నుంచి స్ప్రెడ్‌షీట్‌కు మారింది. వందల వరుసల పట్టికను కంటితో వెదకుట కష్టం కనుక అన్వేషణ సూత్రాలు వాడుకలోకి వచ్చాయి. వీటిలో ఎక్కువగా వాడబడే వీలుకప్ కొత్తది కాదు. 1985లో మాకింటాష్ యంత్రాల కోసం వెలువడిన తొలి ఎక్సెల్‌లోనే అది ఉన్నది. అంతగా అలవాటైన సూత్రమే గనుక దానిలోని ఒక లోపం కూడా అంతే అలవాటుగా మరుగున పడిపోతున్నది.

నిల్వ స్థానం ఎందుకు ముఖ్యం

వరిలో పునాది, ధ్రువీకృత విత్తనాలకు కనీస మొలకశాతం 80, భౌతిక స్వచ్ఛత 98 శాతం, సాధారణ సంచులలో గరిష్ఠ తేమ 13 శాతం ఉండవలెనని ధ్రువీకరణ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ధ్రువీకరణ గడువు తొలి పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. గడువు ముగిసిన లాటును మరల పరీక్షించి, ప్రమాణాలకు తగినట్లున్నచో గడువును మరో 6 నెలలు పొడిగించే వీలున్నది. కనుక గోదాములో ఏ లాటు ముందు వెళ్ళవలెనో నిర్ణయించేది దాని పరీక్ష తేదీయే గాని, అది తలుపుకు ఎంత దగ్గరలో ఉన్నదనేది కాదు.

విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రంగా ప్రసిద్ధమైన స్థూల నియమం ప్రకారం గింజలోని తేమ ఒక శాతం తగ్గిన కొద్దీ, లేదా నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిన కొద్దీ, విత్తన జీవితకాలం దాదాపు రెట్టింపవుతుంది. దీనిని తిరగవేసి చదివితే డెల్టాలోని పరిస్థితి బోధపడుతుంది. సముద్రతీరానికి చేరువ, కాలువల నడుమ ఉన్న గాలిలో తేమ అధికం. ఒకే గోదాములో సైతం గోడను ఆనుకొన్న దొంతర, కప్పు కారే మూలన ఉన్న దొంతర, నడుమ చెక్క బల్లలపై గాలి ఆడేటట్లు పేర్చిన దొంతర ఒకే తీరుగా ఉండవు. వడ్లచిలుక వంటి పురుగు ఒక దొంతరలో కనిపించినప్పుడు ఆ దొంతరలో ఏ లాటు ఉన్నది, అదే లాటు ఇంకెక్కడ ఉన్నది అన్న ప్రశ్నలకు వెంటనే జవాబు కావాలి. లాటు నుంచి స్థానానికి, స్థానం నుంచి లాటుకు – రెండు వైపులా వెదకగలిగినప్పుడే నమోదు సంపూర్ణమైనట్లు.

ఈ అవసరం గోదాములకే పరిమితం కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ జన్యునిధిలో లక్షకు పైగా వరి నమూనాలు శీతల గదులలో ఉన్నాయి. ప్రతి నమూనాకు ఒక ప్రవేశ సంఖ్య, ఆ సంఖ్యకు ఒక అర స్థానం. స్థానం తెలియని నమూనా, ఎంత భద్రంగా ఉన్నా, లేనిదానితో సమానం. గ్రామస్థాయి విత్తన గోదాముకు వర్తించే నియమం కూడా ఇదే.

నమూనా పట్టిక

కింది పట్టిక బోధన నిమిత్తం కల్పించినది. దొంతర చిరునామాలో మొదటి అంకె గదిని, రెండవది వరుసను, మూడవది దొంతరను తెలుపుతుంది. ఉదాహరణకు 231 అనగా రెండవ గది, మూడవ వరుస, మొదటి దొంతర. ఈ సంఖ్యనే ఆ దొంతర వద్ద స్తంభంపైన గాని, గోడపైన గాని రంగుతో పెద్దదిగా వ్రాయవలసి ఉంటుంది. ట్యాగుపై ఉండే అధికారిక లాటు సంఖ్య పొడవైనది కనుక గోదాము వాడుకకు ప్రతి లాటుకు ఒక చిన్న గుర్తు సంఖ్య ఇవ్వబడినది; అధికారిక సంఖ్యను వేరొక నిలువు వరుసలో వ్రాసుకోవచ్చు.

పట్టిక 1. నిల్వ పత్రం (శీర్షికలు 1వ అడ్డు వరుసలోను, వివరాలు 2 నుంచి 8 వరకు గల అడ్డు వరుసలలోను)

ఏ: గుర్తు | బి: రకం సంఖ్య | సి: తరగతి | డి: పరీక్ష తేదీ | ఇ: చిరునామా | ఎఫ్: సంచులు
501 | 1001 | ధ్రువీకృత | 10-1-2025 | 111 | 120
502 | 1010 | పునాది | 20-5-2025 | 112 | 40
503 | 1010 | ధ్రువీకృత | 28-5-2025 | 232 | 60
504 | 1061 | ధ్రువీకృత | 15-1-2025 | 121 | 90
505 | 1064 | ధ్రువీకృత | 15-1-2025 | 122 | 75
506 | 7029 | ధ్రువీకృత | 30-1-2025 | 211 | 160
507 | 7029 | ధ్రువీకృత | 8-1-2025 | 231 | 110

ఈ వ్యాసంలో సూత్రాల పేర్లు, గడుల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి; కంప్యూటరులో వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయవలసి ఉంటుంది.

వీలుకప్ పనితీరు

వీలుకప్ సూత్రానికి నాలుగు విషయాలు తెలపాలి: ఏమి వెదకాలి, ఏ పట్టికలో వెదకాలి, దొరికిన వరుసలో ఎన్నవ నిలువు వరుసలోని విలువను ఇవ్వాలి, పోలిక ఎంత ఖచ్చితంగా ఉండాలి. వెదకడం ఎల్లప్పుడూ ఇచ్చిన పట్టికలోని మొట్టమొదటి నిలువు వరుసలోనే జరుగుతుంది.

గుర్తు సంఖ్య 504 గల లాటు చిరునామా కావలసినప్పుడు:

=వీలుకప్(504, ఏ2:ఎఫ్8, 5, 0)

ఏ నుంచి లెక్కిస్తే ఐదవ నిలువు వరుస ఇ. జవాబు 121. చివరనున్న 0 అనగా ‘ఉన్నది ఉన్నట్లు సరిపోలితేనే ఇవ్వుము’ అని అర్థం. దీనికి బదులుగా ‘ఫాల్స్’ అని కూడా వ్రాయవచ్చు.

సూత్రాన్ని ఒక గడి నుంచి కింది గడులకు నకలు చేసేటప్పుడు పట్టిక హద్దులు కూడా కిందికి జరిగిపోతాయి. ఏ2:ఎఫ్8 అన్నది ఏ3:ఎఫ్9 అవుతుంది. పట్టికలోని మొదటి లాటు అన్వేషణ నుంచి జారిపోతుంది. దీనిని నివారించుటకు హద్దులకు డాలరు గుర్తులు చేర్చి $ఏ$2:$ఎఫ్$8 అని బిగించవలసి ఉంటుంది.

నాల్గవ విషయం విడిచినప్పుడు

సూత్రంలో మూడు విషయాలే వ్రాసి నాల్గవది విడిచిపెట్టినా వీలుకప్ అభ్యంతరం చెప్పదు. అది ‘ఇంచుమించు పోలిక’ కావలెనని భావిస్తుంది. అనగా వెదకిన సంఖ్య లేనప్పుడు, దానికంటె తక్కువగా ఉన్నవాటిలో పెద్దదానిని ఎన్నుకొని ఆ వరుసలోని విలువను ఇస్తుంది.

దాళ్వా కోసం శ్రీధృతి (1121) కావలెనని కోరిక వచ్చినదనుకొందాం. నమూనా గోదాములో ఆ రకమే లేదు. రకం సంఖ్యతో వెదకే సూత్రం ఇలా వ్రాయబడినది:

=వీలుకప్(1121, బి2:ఎఫ్8, 4)

బి నిలువు వరుసలో 1121 లేదు. దానికంటె తక్కువైన వాటిలో పెద్దది 1064. కనుక సూత్రం 1064 ఉన్న వరుసకు వెళ్ళి, అక్కడి చిరునామా 122ను ఇస్తుంది. తెరపై ఎర్ర గుర్తు గాని, హెచ్చరిక గాని ఉండదు. 122 అన్నది గోదాములో నిజంగా ఉన్న దొంతరే. చీటీపై 122 అని వ్రాసి ఇస్తే ముఠా కూలీలు తిన్నగా అక్కడికే వెళ్ళి సంచులు దించుతారు. అక్కడ ఉన్నది అమర.

శ్రీధృతి సుమారు 120 రోజుల రకం. అమర సుమారు 150 రోజుల సార్వా రకం. డిసెంబరు 1న నారు పోసిన దాళ్వా వరిలో 120 రోజుల రకం లెక్క ప్రకారం మార్చి 31కి కోతకు రావాలి. 150 రోజుల రకం ఏప్రిల్ 30 వరకు చేలోనే ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టివేసే సమయానికి ఆ పైరుకు ఇంకా నీరు కావాలి. తేడా నారుమడిలో తెలియదు, నాట్లలో తెలియదు. చుట్టుపక్కల చేలు వెన్ను వేస్తున్నప్పుడు తన చేను పచ్చగా నిలిచి ఉండడం చూచిన నాడు రైతుకు తెలుస్తుంది. అప్పటికి చేయగలిగినది ఏమీ ఉండదు. 122వ దొంతరలోని 75 సంచులు 30 కిలోల చొప్పున 2,250 కిలోలు. ఎకరాకు 25 కిలోల వంతున అది 90 ఎకరాల విత్తనం. ఒక్క సున్న వ్రాయకపోవడం వలన కలిగే నష్టం పరిమాణం ఇది.

అదే సూత్రాన్ని

=వీలుకప్(1121, బి2:ఎఫ్8, 4, 0)

అని వ్రాసినప్పుడు ‘ఎన్.ఏ.’ అనే దోష సూచన వస్తుంది. దానిని చూచి విసుగు చెందనవసరం లేదు. ఆ సూచన చెప్పేది ఒక్కటే: కోరిన రకం ఈ పట్టికలో లేదు. గోదాము బాధ్యునికి కావలసిన నిజమైన జవాబు అదే.

ఇంచుమించు పోలిక నిరుపయోగమని కాదు. అంచెల వారీ పట్టికలకు – ఉదాహరణకు, తేమ శాతం ఫలానా పరిధిలో ఉంటే ఫలానా ఆరుదల కాలం అనే తీరు లెక్కలకు – అది తగినది. అక్కడ సైతం పట్టిక ఆరోహణ క్రమంలో ఉండాలి. నిఘంటువులో మాటను వెదకేవారు నడిమి పుట తెరచి ముందుకో వెనుకకో జరిగినట్లు ఈ పోలిక కూడా క్రమాన్ని నమ్ముకొని దూకుతుంది. క్రమం తప్పిన పట్టికలో దాని జవాబు దేనికీ ఆధారం కాదు. లాట్లు, రకాలు, చిరునామాలు వెదకేటప్పుడు మాత్రం ఖచ్చితమైన పోలిక తప్ప మరొకటి పనికిరాదు.

ఒకే రకం, రెండు లాట్లు

స్వర్ణ ఎక్కడ ఉన్నదని

=వీలుకప్(7029, బి2:ఎఫ్8, 4, 0)

అనే సూత్రం వ్రాస్తే జవాబు 211. ఇది అబద్ధం కాదు, అసంపూర్ణం. 231లో కూడా స్వర్ణ ఉన్నది. వీలుకప్ పైనుంచి కిందికి చూస్తూ మొదట తగిలిన వరుస వద్దనే ఆగిపోతుంది. నమూనా పట్టికలో 211లోని లాటు (506) పరీక్ష తేదీ జనవరి 30. 231లోని లాటు (507) తేదీ జనవరి 8. 9 నెలల లెక్కన 507 గడువు అక్టోబరు 8తోను, 506 గడువు అక్టోబరు 30తోను ముగుస్తాయి. ముందు వెళ్ళవలసినది 507. సూత్రం చూపిన 211 నుంచే ప్రతిసారి సంచులు తీస్తూ పోతే 231లోని విత్తనం అక్కడే ఉండి గడువు దాటిపోతుంది.

కొత్త సంచికలలో దీనికి సులభమైన మార్గం ఉన్నది:

=సార్ట్(ఫిల్టర్(ఏ2:ఎఫ్8, బి2:బి8=7029), 4, 1)

లోపలి ఫిల్టర్ స్వర్ణ లాట్లన్నింటినీ ఏరి ఇస్తుంది. వెలుపలి సార్ట్ వాటిని నాల్గవ నిలువు వరుసైన పరీక్ష తేదీని అనుసరించి పాతవి ముందు వచ్చేటట్లు పేరుస్తుంది. మొదటి వరుసలో 507, చిరునామా 231 కనిపిస్తాయి.

ఈ సూత్రాలు లేని పాత సంచికలలో ఒక సహాయక నిలువు వరుసను చేర్చుకోవచ్చు. ముందుగా పట్టికను రకం, పరీక్ష తేదీల క్రమంలో అమర్చి, జి2 గడిలో

=బి2&"-"&కౌంటిఫ్(బి$2:బి2, బి2)

అని వ్రాసి కిందికి నకలు చేయాలి. స్వర్ణ లాట్లకు 7029-1, 7029-2 అనే గుర్తులు ఏర్పడతాయి. పట్టిక తేదీల క్రమంలో ఉన్నందున 7029-1 అన్నదే ముందు పంపవలసిన లాటు.

ప్రతి లాటు గడువు తేదీని చూపుటకు =ఇడేట్(డి2, 9) అనే సూత్రం చాలును. అది పరీక్ష తేదీకి 9 నెలలు కలిపి ఇస్తుంది. గడువు సమీపించిన గడులు రంగు మారేటట్లు షరతు పెట్టుకొన్నచో పునఃపరీక్షకు నమూనా తీయవలసిన లాట్లు ముందుగానే కనిపిస్తాయి.

స్థానం నుంచి లాటుకు: ఇండెక్స్–మ్యాచ్

231వ దొంతరలో పురుగు కనిపించినది. అక్కడ ఉన్న లాటు ఏది? ఇక్కడ వెదకవలసిన చిరునామా ఇ నిలువు వరుసలోను, కావలసిన గుర్తు దానికి ఎడమవైపున ఏ నిలువు వరుసలోను ఉన్నాయి. వీలుకప్ ఎడమవైపునకు చూడలేదు. దీనికి రెండు సూత్రాలను కలిపి వాడాలి:

=ఇండెక్స్(ఏ2:ఏ8, మ్యాచ్(231, ఇ2:ఇ8, 0))

మ్యాచ్ 231ని ఇ వరుసలో వెదకి, అది ఏడవ స్థానంలో ఉన్నదని చెబుతుంది. ఇండెక్స్ ఏ వరుసలోని ఏడవ విలువైన 507ను ఇస్తుంది. మ్యాచ్ చివర కూడా 0 తప్పనిసరి. విడిచిపెడితే ఇది సైతం ఇంచుమించు పోలికకే పోతుంది.

ఈ జంటకు మరొక మేలు ఉన్నది. వీలుకప్‌లో ‘నాల్గవ వరుస’, ‘ఐదవ వరుస’ అని సంఖ్య వ్రాస్తాము. పట్టికలో డి, ఇ నడుమ తేమ శాతం కోసం కొత్త నిలువు వరుస చేర్చినచో సంఖ్య మాత్రం మారదు. =వీలుకప్(7029, బి2:ఎఫ్8, 4, 0) అన్నది అప్పటి నుంచి చిరునామాకు బదులు తేమ శాతాన్ని ఇస్తుంది. ఇండెక్స్–మ్యాచ్‌లో నిలువు వరుసలనే నేరుగా సూచిస్తాము కనుక కొత్త వరుసలు చేర్చినా సూచన వాటితో పాటు జరుగుతుంది, జవాబు చెదరదు.

2019లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ఎక్స్‌లుకప్ ఈ రెండు ఇబ్బందులనూ తొలగించినది:

=ఎక్స్‌లుకప్(231, ఇ2:ఇ8, ఏ2:ఏ8, "ఈ చిరునామాలో లాటు లేదు")

ఇది ఎటువైపైనా చూడగలదు. ఏమీ చెప్పకపోతే ఖచ్చితమైన పోలికనే పాటిస్తుంది. దొరకనప్పుడు చూపవలసిన మాటను కూడా మనమే ఇవ్వవచ్చు. గూగుల్ షీట్స్‌లోను, ఉచితంగా లభించే లిబ్రెఆఫీస్ 24.8 సంచిక నుంచియు ఇది అందుబాటులో ఉన్నది. అయితే పాత సంచిక ఉన్న కంప్యూటరులో తెరచినప్పుడు ఇది పనిచేయదు. పత్రం పలు కార్యాలయాల మధ్య తిరిగేదైతే ఇండెక్స్–మ్యాచ్ వాడుట క్షేమం.

పాత సంచికలలో ‘ఎన్.ఏ.’ సూచనకు బదులు తెలుగు వాక్యం చూపదలచినచో ఇఫ్‌ఎన్.ఏ. అనే సూత్రంలో పొదగవచ్చు. ఇఫ్‌ఎర్రర్ వాడుట మంచిది కాదు; అది సూత్రం వ్రాతలోని ఇతర దోషాలను కూడా ‘లాటు లేదు’ అనే మాట చాటున కప్పివేస్తుంది. దొరకనప్పుడు ఖాళీ గడిని చూపడం అంతకన్న ప్రమాదకరం.

ఉన్న లాటు దొరకకపోవడానికి కారణాలు

లాటు పట్టికలో కనిపిస్తూనే ఉంటుంది. సూత్రం మాత్రం లేదంటుంది. దీనికి సాధారణంగా నాలుగు కారణాలు.

మొదటిది, సంఖ్యకు, అక్షర రూపంలో ఉన్న సంఖ్యకు తేడా. వేరొక పత్రం నుంచి నకలు చేసినప్పుడు 504 అన్నది అక్షరాలుగా నిలిచిపోవచ్చు. కంటికి రెండూ ఒకటే; సూత్రానికి కావు. ఒక నిలువు వరుస అంతటినీ ఒకే రూపంలో ఉంచాలి.

రెండవది, కనిపించని ఖాళీలు. మాటకు ముందు వెనుకల ఉన్న ఖాళీలను ట్రిమ్ సూత్రం తొలగిస్తుంది. అయితే వెబ్ పుటల నుంచి తెచ్చిన పట్టికలలో ఉండే ప్రత్యేకమైన విడదీయరాని ఖాళీని ట్రిమ్ తొలగించలేదు. దానిని వెదకి మార్చవలసి ఉంటుంది.

మూడవది, తేదీగా మారిపోవడం. లాటు సంఖ్యలో 5-12 వంటి భాగాన్ని విడిగా టైపు చేస్తే స్ప్రెడ్‌షీట్ దానిని తేదీగా భావించి మార్చివేస్తుంది. నమోదు ప్రారంభించక ముందే ఆ నిలువు వరుసను అక్షర రూపానికి మార్చుకోవాలి. మారిపోయిన తరువాత రూపం మార్చినా మొదటి వ్రాత తిరిగి రాదు.

నాల్గవది తెలుగులో నమోదు చేసేవారికి ప్రత్యేకమైనది. ఒకే రకాన్ని ఒకరు ‘కాటన్‌దొర సన్నాలు’ అని, మరొకరు ‘కాటన్ దొర సన్నాలు’ అని, ఇంకొకరు ‘కాటన్దొర సన్నాలు’ అని వ్రాస్తారు. చదివేవారికి మూడూ ఒకటే. సూత్రానికి మూడు వేర్వేరు. పొల్లు తరువాత ఒత్తు పడకుండా ఉంచే కంటికి కనబడని గుర్తు ఒకచోట ఉండి మరొకచోట లేకపోయినా పోలిక కుదరకపోవచ్చు. కనుక వెదకుటకు రకం పేరును గాక రకం సంఖ్యను ఆధారం చేసుకోవాలి. పేరు కావలసినచోట సంఖ్యను బట్టి వేరొక చిన్న పట్టిక నుంచి తెచ్చుకోవచ్చు. నమోదు గడులలో ముందుగా సిద్ధపరచిన జాబితా నుంచి ఎన్నుకొనే ఏర్పాటు చేస్తే ఈ చిక్కు మొదలులోనే తొలగిపోతుంది.

సూత్రానికి ఆవల చేయవలసినవి

సూత్రానికి తెలిసినది పట్టికలో వ్రాసినది మాత్రమే. వానకు కప్పు కారి 122లోని సంచులను హడావుడిగా 132కు మార్చి, పత్రంలో మార్చకుండా వదిలివేస్తే ఎంత చక్కని సూత్రమైనా 122 అనే చెబుతుంది. తుపాను హెచ్చరికల రోజులలో డెల్టా గోదాములలో సంచులు జరపవలసి రావడం అరుదు కాదు. అందుచేత జరిపిన పూటనే చిరునామా మార్చడం, మార్చినవారి పేరు, తేదీ పక్కన వ్రాయడం నియమంగా ఉండాలి. విద్యుత్తు లేని సమయానికి చిరునామాల పట్టిక ముద్రిత ప్రతి ఒకటి గోదాము తలుపు వద్ద ఉండడం అవసరం.

ఒకే చిరునామాలో రెండు లాట్లు నమోదైనచో అది వ్రాతలో పొరపాటు కావచ్చు, లేక నిజంగానే కలిసిపోయి ఉండవచ్చు. =కౌంటిఫ్(ఇ$2:ఇ$8, ఇ2) అనే సూత్రం ప్రతి చిరునామా ఎన్నిసార్లు వచ్చినదో చెబుతుంది. జవాబు 1 కంటె ఎక్కువైన చోట వెంటనే దొంతర వద్దకు వెళ్ళి చూడాలి. గుర్తు సంఖ్యల నిలువు వరుసకు కూడా ఇదే పరీక్ష చేయాలి.

సంచులు దించే ముందు చివరి తనిఖీ ఇలా సాగాలి. లాటు గుర్తుతో చిరునామా తీసుకోవాలి. దొంతర వద్దకు వెళ్ళి, సంచికి ఉన్న ట్యాగు మీది రకం, తరగతి, అధికారిక లాటు సంఖ్య చదవాలి. పునాది విత్తనానికి తెల్ల ట్యాగు, ధ్రువీకృత విత్తనానికి నీలి ట్యాగు ఉంటాయి. రంగే మొదటి సంకేతం. ఆ వివరాలు పత్రంలోని వాటితో సరిపోయినప్పుడే సంచి కదలాలి. ట్యాగుకు, పత్రానికి తేడా వచ్చినప్పుడు తేడా తేలేవరకు ఆ దొంతరను ముట్టరాదు. సూత్రం చూపేది చోటును. అక్కడ ఉన్న విత్తనమేదో చెప్పవలసినది ట్యాగు.

అభ్యాసం

నమూనా పట్టికను యథాతథంగా టైపు చేసి కింది ప్రశ్నలకు జవాబులు రాబట్టవచ్చు.

1. గుర్తు 503 గల లాటు ఏ గదిలో, ఏ వరుసలో ఉన్నది? (జవాబు: చిరునామా 232, రెండవ గది, మూడవ వరుస, రెండవ దొంతర.)

2. 112వ దొంతరలో ఉన్నది ఏ రకం? (జవాబు: =ఇండెక్స్(బి2:బి8, మ్యాచ్(112, ఇ2:ఇ8, 0)); 1010.)

3. రకం 1075ను నాల్గవ విషయం లేకుండా ఒకసారి, 0తో ఒకసారి వెదకినప్పుడు ఏమి వస్తుంది? (జవాబు: మొదటిసారి 122, అనగా 1064 ఉన్న దొంతర, రెండవసారి ‘ఎన్.ఏ.’ సూచన. సరియైనది రెండవది.)

4. ధ్రువీకృత తరగతి 1010 కావలసినప్పుడు రకం సంఖ్యతో మాత్రమే వెదకితే ఏ దొంతర వస్తుంది? (జవాబు: 112, కాని అక్కడ ఉన్నది పునాది విత్తనం. తరగతిని కూడా షరతుగా చేర్చిన =ఫిల్టర్(ఏ2:ఎఫ్8, (బి2:బి8=1010)*(సి2:సి8="ధ్రువీకృత")) సూత్రం గుర్తు 503, చిరునామా 232ను చూపుతుంది.)

ముగింపు

విత్తన గోదాములో అన్వేషణ సూత్రాల వినియోగానికి ఖరీదైన సాఫ్ట్‌వేరు గాని, ప్రత్యేక శిక్షణ గాని అవసరం లేదు. ప్రతి లాటుకు ఒకే గుర్తు, ప్రతి దొంతరకు ఒకే చిరునామా, ఖచ్చితమైన పోలిక, తేదీని బట్టి వరుసక్రమం, జరిపిన పూటనే నమోదు, సంచి కదిలే ముందు ట్యాగుతో సరిచూపు – ఈ ఆరింటిని పాటిస్తే సాధారణ స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. గోదాములోని తప్పు గోదాములోనే దొరికితే దాని ఖరీదు కొన్ని నిమిషాలు. చేలో దొరికితే ఒక పంట కాలం. దాళ్వా విత్తనాల పంపిణీ మొదలయ్యే ముందే ఉన్న పత్రాలలోని ప్రతి వీలుకప్, మ్యాచ్ సూత్రాన్ని తెరచి, చివరన 0 ఉన్నదో లేదో చూచుకొనుట గోదాము బాధ్యులు తక్షణం చేయదగిన మొదటి పని.